సానచక్రం చరిత్ర: ఇసుకరాయి నుంచి బెంచి గ్రైండరు దాకా

ఒకే ఇరుసు రెండు కొసలకు రెండు సానచక్రాలు, వాటి నడుమ ఒక విద్యుత్ మోటారు, యంత్రాన్ని బల్లకు బిగించే పోత ఇనుప పీఠం, చక్రాలను చాలావరకు కప్పి ఉంచే కవచాలు, పనిముట్టును ఆనించి పట్టుకునే చిన్న ఇనుప పలకలు: కార్ఖానాల్లో బెంచి గ్రైండరు అని పిలిచే యంత్రంలో ఇంతకు మించి భాగాలు దాదాపుగా ఉండవు. ఉలి, బాడిస, డ్రిల్లు బిట్టు, లేత్ మీద వాడే కోత పనిముట్టు వంటివి మొద్దుబారినప్పుడు వాటికి మళ్లీ పదును తేవడం, పోతపోసిన వస్తువుల అంచుల్లో మిగిలిన గరుకును తీసివేయడం దీని పని. ఇరవయ్యో శతాబ్ది తొలి అర్ధభాగంలో అమెరికా, బ్రిటన్‌లలో తయారైన బరువైన గ్రైండర్లు ఆ దేశాల పాత షెడ్లలో, మూతపడిన కార్ఖానాల్లో తుప్పు పట్టి ఇప్పటికీ దొరుకుతున్నాయి; వాటిని విప్పి, శుభ్రపరచి, బేరింగులు మార్చి మళ్లీ తిప్పడంలో ఆసక్తి గలవారు అక్కడ చాలామంది ఉన్నారు. ఆ పనిలో దృష్టి అంతా మోటారు మీద, పోత మీద, పాత రంగు మీద నిలుస్తుంది గానీ ఈ యంత్రపు చరిత్ర నిజానికి చక్రంలో ఉంది, మోటారు చివరికి వచ్చి చేరింది. ఆ చక్రం ఎన్ని ప్రాణాలు తీసి, ఎన్ని మార్పులు పొంది ఈ రూపానికి వచ్చిందో తెలిసినవారికే పాత గ్రైండరులో దేనిని కాపాడాలో, దేనిని జాలి లేకుండా పారవేయాలో తెలుస్తుంది.

లోహాన్ని అరగదీసే చక్రాలు మొదట రెండు విధాలుగా ఉండేవి. కొండలో దొరికిన ఇసుకరాయిని గుండ్రంగా చెక్కి నడుమ రంధ్రం తొలిచి వాడడం ఒక పద్ధతి. గట్టి ఖనిజపు పొడిని ఏదైనా జిగురుతో కలిపి చక్రంగా పోసుకోవడం రెండవది. ఈ రెండవ పద్ధతి భారతదేశంలో పాతదే. వజ్రం తరువాత అత్యంత కఠినమైన సహజ ఖనిజాల్లో ఒకటైన కురువిందాన్ని దంచి, ఆ పొడిని కరిగించిన లక్కతో కలిపి చేసిన సానలను రత్నాలకు మెరుగు పెట్టేవారు, ఆయుధాలకు పదును పెట్టేవారు వాడేవారు. సేలం, మైసూరు ప్రాంతాలతో పాటు అనంతపురం, ఖమ్మం జిల్లాల్లోనూ కురువిందం లభిస్తుంది. అయితే లక్క వేడికి మెత్తబడుతుంది కనుక అటువంటి సానను చేతితోనో, తోలు పట్టీతోనో నెమ్మదిగా తిప్పవలసిందే. నిమిషానికి వేల చుట్లు తిరిగే యంత్రానికి అది పనికిరాదు. వేడికి చెడని జిగురు కోసం ప్రపంచం పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధం దాకా ఆగవలసి వచ్చింది.

అంతవరకు ఐరోపాలో పదునుపని భారమంతా ఇసుకరాయి మీదనే పడింది. దాని ఫలితం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించిన చోటు ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణం. డాన్ నది, దానిలో కలిసే షీఫ్, పోర్టర్, రివెలిన్, లాక్స్‌లీ అనే చిన్న నదులు కొండల నుంచి వేగంగా దిగుతూ ఆ పట్టణం చుట్టూ పారుతాయి. వాటి ఒడ్డున ఆనకట్టలు కట్టి, నీటిచక్రాలతో సానరాళ్లను తిప్పి, కత్తులు, కత్తెరలు, రంపాలు, కొడవళ్లు నూరడం అక్కడి జనానికి శతాబ్దాల పాటు జీవనోపాధి. పోర్టర్ ఒడ్డున ఉన్న షెపర్డ్ వీల్ అనే సానశాల ప్రస్తావన 1584 నాటి పత్రాల్లోనే ఉంది, అది ప్రదర్శనశాలగా నేటికీ నిలిచి ఉంది. రాయికి వెనుకగా అమర్చిన కొయ్య జీను మీద కాళ్లు రెండు పక్కలా వేసి కూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి, ముందుకు వంగి, తిరిగే రాయి మీద వస్తువును నొక్కి పట్టడం సానకారుని పని విధానం. ఆ భంగిమలో అతని ముఖం రాయికి అడుగు దూరంలో ఉంటుంది. రాయి పగిలితే దెబ్బ మొదట తగిలేది అతనికే. పగలకపోయినా రాయి నుంచి లేచే పొడి ప్రతి శ్వాసతోనూ అతని ఊపిరితిత్తుల్లోకి చేరేది.

రాయిని నీటితో తడుపుతూ నూరడం, పొడిగా నూరడం అని పని రెండు రకాలు. కత్తులు, రంపాలు వంటివి తడిగా నూరేవారు కనుక ధూళి కొంత అణిగేది. ఫోర్కులు, సూదులు పొడిరాయి మీదనే నూరేవారు. ఇసుకరాయిలో ప్రధానంగా ఉండేది సిలికా. దాని సన్నని రేణువులు ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టి శ్వాసను క్రమంగా బంధించే వ్యాధిని నేడు సిలికోసిస్ అంటారు. షెఫీల్డ్ ప్రజలు దానిని సానకారుల ఉబ్బసం అనేవారు. ఆ పట్టణపు వైద్యుడు ఆర్నల్డ్ నైట్ ఈ వ్యాధిని గురించి రాసిన పరిశీలనలను ఫ్రెడరిక్ ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల మీద ప్రచురించిన గ్రంథంలో ఉపయోగించుకున్నాడు. వాటి ప్రకారం పొడిగా నూరేవారి సగటు ఆయుష్షు ముప్ఫై అయిదేళ్లు కూడా కష్టమే, తడిగా నూరేవారు నలభై అయిదు దాటడం అరుదు. ఆవిరియంత్రం రావడంతో ఈ దుస్థితి తగ్గలేదు, పెరిగింది. నీటిచక్రాల కాలంలో వేసవిలో నీరు తగ్గితే పని ఆగేది, సానకారుడు తోటపనికో పొలానికో పోయి గాలి పీల్చుకునేవాడు. ఆవిరితో నడిచే సానశాలలు పట్టణం నడిబొడ్డున, ఇరుకు గదుల్లో, ఏడాది పొడవునా ఆగకుండా తిరిగాయి.

ధూళిని అడ్డుకునే ప్రయత్నాలు జరగలేదని కాదు. షెఫీల్డ్ ఉపాధ్యాయుడు జె. హెచ్. ఎబ్రహాం 1820ల తొలినాళ్లలో అయస్కాంతాలతో ఒక పరికరాన్ని తయారుచేశాడు, గాలిలో ఎగిరే ఉక్కు రజనును అది ఆకర్షించేది. కానీ ప్రాణం తీసేది ప్రధానంగా రాతిపొడి, దానిని ఏ అయస్కాంతమూ పట్టుకోలేదు. రక్షణ సాధనాలను సానకారులే కొన్నిచోట్ల ధ్వంసం చేశారని కూడా ఎంగెల్స్ రాశాడు: వృత్తి సురక్షితమైతే ఎక్కువమంది అందులోకి వచ్చి కూలి తగ్గిపోతుందని వారి భయం. ఈ విషయాన్ని కార్మికుల అవివేకంగా చూపడం అన్యాయం. ప్రాణానికి ఉన్న ముప్పే కూలి రేటును నిలబెట్టే ఏకైక ఆధారంగా మిగిలినప్పుడు, ఆ ముప్పును వదులుకోవడానికి మనిషి వెనుకాడే స్థితిని కల్పించిన ఏర్పాటుదే ఆ తప్పు.

అదే ఏర్పాటు మరో విధమైన హింసకు కూడా దారితీసింది. కార్మిక సంఘానికి చందా కట్టనివాని సానచక్రాన్ని తిప్పే తోలు పట్టీని రాత్రికి రాత్రి మాయం చేయడం షెఫీల్డ్‌లో చాలాకాలంగా ఉన్న వాడుక. పట్టీ లేనిదే రాయి తిరగదు, రాయి తిరగనిదే కూలి రాదు. 1866 అక్టోబరులో సంఘాన్ని విడిచిన ఒక రంపాల సానకారుని ఇంట్లో మందుగుండు పేలడంతో విషయం దేశమంతటికీ పాకింది. 1867లో విచారణ సంఘం ముందు రంపాల సానకారుల సంఘ కార్యదర్శి విలియం బ్రాడ్‌హెడ్ అనేక దాడులను తానే చేయించినట్లు ఒప్పుకున్నాడు. ఈ విచారణల క్రమంలోనే కార్మిక సంఘాలకు చట్టపరమైన గుర్తింపునిచ్చిన 1871 నాటి చట్టం వచ్చింది.

ఇసుకరాయికి ప్రత్యామ్నాయం అట్లాంటిక్ అవతల, ఒక కుమ్మరి ఆవంలో తయారైంది. కురువిందమూ మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజమూ కలిసిన నల్లని సహజ మిశ్రమాన్ని ఎమరీ అంటారు. గ్రీసు దేశపు నాక్సోస్ ద్వీపం, టర్కీ దానికి ప్రసిద్ధ మూలాలు. ఎమరీ రవ్వను కొయ్యచక్రం మీది తోలుకు జిగురుతో అంటించి వాడడం పాత పద్ధతి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్ పట్టణంలో ఫ్రాంక్లిన్ నార్టన్ అనే కుండల వ్యాపారి కార్ఖానాలో పనిచేసిన స్వెన్ పల్సన్ అనే స్వీడిష్ కుమ్మరి 1873లో ఎమరీ రవ్వను బంకమట్టితో కలిపి చక్రంగా చేసి కుండలతో పాటు కాల్చాడు. ఆవం వేడికి మట్టి సగం గాజుగా మారి రవ్వలను కరిచి పట్టుకుంది. ఆ బంధం నీటికి నానదు, పని వేడికి మెత్తబడదు. దీనినే నేడు విట్రిఫైడ్ బంధం అంటారు, మామూలు బెంచి గ్రైండరు చక్రం ఇప్పటికీ ఈ జాతిదే. 1885లో ఆ వ్యాపారాన్ని కొన్నవారిలో వూస్టరు సాంకేతిక విద్యాలయంలో బోధించిన మిల్టన్ హిగిన్స్, జార్జి ఆల్డెన్ ఉన్నారు, స్వీడన్ నుంచి వచ్చిన జాన్ జెప్సన్ తయారీ బాధ్యత చూశాడు. నార్టన్ ఎమరీ వీల్ కంపెనీ అలా మొదలైంది.

కుమ్మరి విద్య చక్రానికి ఇచ్చిన అసలు మేలు గట్టితనం కాదు, తగినంతగా విరిగే గుణం. రవ్వ మొనలు అరిగి మొద్దుబారినప్పుడు దాని మీద ఒత్తిడి పెరుగుతుంది. బంధం సరిగ్గా కుదిరిన చక్రంలో ఆ ఒత్తిడికి రవ్వ విరిగి గాని ఊడి గాని పడిపోయి కింద ఉన్న కొత్త మొన బయటపడుతుంది. అందువల్ల చక్రపు గ్రేడు అని రాసే అక్షరం రవ్వల కాఠిన్యాన్ని గాక వాటిని పట్టి ఉంచే బంధపు బలాన్ని తెలుపుతుంది, గట్టి ఉక్కుకు మెత్తని గ్రేడు చక్రం వాడాలన్న నియమం వెనుక కారణం ఇదే.

రవ్వ కూడా త్వరలోనే కృత్రిమమైంది. ఒకప్పుడు ఎడిసన్ వద్ద పనిచేసిన ఎడ్వర్డ్ ఆచిసన్ 1891లో పెన్సిల్వేనియాలోని మొనాంగహేలాలో బంకమట్టి, కోక్ బొగ్గు పొడి కలిపి వాటి గుండా బలమైన విద్యుత్తును పంపినప్పుడు గాజును గీసే మెరుపు స్ఫటికాలు ఏర్పడ్డాయి. అవి సిలికాన్ కార్బైడు. ఆయన వాటికి కార్బొరండం అని పేరు పెట్టాడు. మొదట రత్నాలకు మెరుగు పెట్టేవారు వాటిని క్యారట్ల లెక్కన కొన్నారు. 1895లో ఆయన కంపెనీ నయాగరా జలపాతం వద్దకు తరలి వెళ్లడంతో చౌక జలవిద్యుత్తు అంది, ఉత్పత్తి పెరిగి ధర దిగింది. కొద్ది కాలానికే బాక్సైటును విద్యుత్ కొలిమిలో కరిగించి అల్యూమినియం ఆక్సైడు, అంటే కృత్రిమ కురువిందం, చేసే పద్ధతి చార్లెస్ జేకబ్స్ చేతిలో రూపొందింది; నార్టన్ కంపెనీ దాని హక్కులను పొందింది. ఉక్కు పనికి అల్యూమినియం ఆక్సైడు, పోత ఇనుముకు, కార్బైడు మొన గల పనిముట్లకు సిలికాన్ కార్బైడు అనే విభజన క్రమంగా స్థిరపడింది. ఈ రెండు పదార్థాల్లోనూ ఇసుకరాయిలో ఉన్నట్లు స్వేచ్ఛగా లేచే సిలికా రాశి ఉండదు. షెఫీల్డ్‌లో తరాలను బలిగొన్న వ్యాధి తగ్గడానికి ధూళిని లాగే గాలి గొట్టాలు, చట్టాలతో పాటు ఇసుకరాయి తప్పుకోవడమూ తోడ్పడింది.

విద్యుత్ మోటారు ఈ చరిత్రలో చివరి అధ్యాయం. పందొమ్మిదో శతాబ్దిలో కార్ఖానా పైకప్పు కింద పొడవైన ఇరుసు ఒకటి తిరుగుతూ తోలు పట్టీల ద్వారా యంత్రాలన్నిటికీ శక్తిని అందించేది. నికొలా టెస్లా 1888లో పేటెంటు పొందిన ఇండక్షన్ మోటారు ప్రతి యంత్రానికి దాని శక్తి దానికే ఉండే వీలు కల్పించింది, మోటారు ఇరుసునే రెండు వైపులా పొడిగించి చక్రాలు బిగిస్తే పట్టీతోనే పని లేకుండా పోయింది. బాల్టిమోరులో 1910లో ప్రారంభమైన బ్లాక్ అండ్ డెకర్, సెయింట్ లూయిస్‌లో 1920లో ప్రారంభమైన బాల్డార్ వంటి కంపెనీలు ఇటువంటి గ్రైండర్లను చేశాయి. ఇండక్షన్ మోటారు వేగం కరెంటు పౌనఃపున్యం మీద, మోటారు ధ్రువాల సంఖ్య మీద ఆధారపడుతుంది. అమెరికా 60 హెర్ట్జ్ కరెంటు మీద రెండు ధ్రువాల మోటారు నిమిషానికి దాదాపు 3,450 చుట్లు, 50 హెర్ట్జ్ మీద దాదాపు 2,850 చుట్లు తిరుగుతుంది. 200 మిల్లీమీటర్ల చక్రం అంచు ఈ రెండవ వేగంతోనే సెకనుకు దాదాపు 30 మీటర్లు కదులుతుంది. పగిలిన ముక్క అదే వేగంతో ఎగురుతుంది.

పాత గ్రైండరును బాగుచేసే పని ఈ వాస్తవం నుంచే మొదలు కావాలి. యంత్రంతో పాటు వచ్చిన చక్రాన్ని ఏ విలువా లేనిదిగా భావించాలి. అది ఎప్పుడు కింద పడిందో, ఎంతకాలం తేమలో ఉందో తెలియదు, కంటికి కనిపించని పగులు దానిలో ఉండవచ్చు. కొత్త చక్రాన్ని కూడా బిగించే ముందు రంధ్రం గుండా వేలాడదీసి కొయ్య పిడితో మెల్లగా తట్టాలి: పొడిగా ఉన్న మంచి విట్రిఫైడ్ చక్రం ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. చక్రం మీద రాసిన గరిష్ఠ వేగం మోటారు వేగం కంటే ఎక్కువగా ఉండి తీరాలి. చక్రానికి ఇరువైపులా బిగించే ఇనుప బిళ్లలు, అంటే ఫ్లాంజీలు, ఒకే వ్యాసంతో, చక్రపు వ్యాసంలో కనీసం మూడో వంతు ఉండి, చక్రానికీ వాటికీ నడుమ అట్ట బిళ్లలు ఉండాలి. ఎడమ కొసన నట్టుకు ఎడమ మర, అంటే మామూలుకు వ్యతిరేక దిశలో బిగిసే మర, ఉంటుంది. చక్రం తిరిగే దిశకు నట్టు వదులు కాకుండా చేసిన ఈ ఏర్పాటు తెలియక బలం కొద్దీ తిప్పి మరను పాడుచేయడం పునరుద్ధరణలో తరచుగా జరిగే నష్టం.

తరువాతి పని బేరింగులది. పాత యంత్రాల్లో కొన్నింటికి నూనె పీల్చుకునే ఉన్ని వత్తులతో కంచు బుష్షులు ఉంటాయి, వాటిని ఊరకే విసర్జించకుండా వత్తి మార్చి నూనె పోస్తే చాలాకాలం పనిచేస్తాయి. బాల్ బేరింగులున్న వాటిలో అంచు మీద చెక్కిన సంఖ్య చాలు: 6203 అని ఉంటే లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు, ఆ కొలత ఏ దేశంలోనైనా దొరుకుతుంది. విద్యుత్ భాగాల్లో జాగ్రత్త మరింత అవసరం. రబ్బరు, గుడ్డ చుట్టిన పాత తీగలు పెళుసెక్కి రాలిపోతాయి. కొన్నింటిలో ఆస్బెస్టాస్ నార కూడా ఉంటుంది. 1970ల చివర నిషేధం రాకముందు అమెరికాలో తయారైన నూనె కెపాసిటర్లలో పీసీబీలు అనే విషరసాయనాలు ఉండవచ్చు, కనుక కారుతున్న దానిని వట్టి చేతులతో తాకకూడదు. అదే కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉన్నందున పాత రంగును పొడిగా గీకడం షెఫీల్డ్ ధూళిని మరో రూపంలో పీల్చడమే అవుతుంది.

కవచాల విషయంలో పునరుద్ధరణ చేసేవారిలో కొందరు చూపే అలసత్వం సమర్థించదగినది కాదు. తయారీదారు పెట్టిన కవచం పోయి ఉంటే కొత్తది చేయించి బిగించిన తరువాతనే యంత్రాన్ని తిప్పాలి. పనిముట్టును ఆనించే పలకకూ చక్రానికీ నడుమ సందు 3 మిల్లీమీటర్లకు, పై కవచపు నాలుకకూ చక్రానికీ నడుమ సందు 6 మిల్లీమీటర్లకు మించకూడదన్నది అమెరికా నిబంధన. చక్రం అరిగేకొద్దీ రెండింటినీ దగ్గరకు జరుపుతూ ఉండాలి. పలక దూరమైతే పనిముట్టు ఆ సందులో ఇరుక్కుని చక్రాన్ని పగలగొడుతుంది. ఇక యంత్రపు పేరుపలక, పోత అక్షరాలు, అసలు మీట వంటి వాటిని మెరుగు పేరుతో అరగదీయకుండా ఉంచడమే మంచిది, ఏ సంవత్సరపు యంత్రమో చెప్పే సాక్ష్యం వాటిలోనే ఉంటుంది.

భారతదేశంలో సానచక్రాల పరిశ్రమ 1941లో ముంబయి సమీపంలోని మోరాలో గ్రైండ్‌వెల్ సంస్థతో, 1954లో మద్రాసులో మురుగప్ప కుటుంబం అమెరికా, బ్రిటన్ కంపెనీలతో కలిసి స్థాపించిన కార్బొరండం యూనివర్సల్ సంస్థతో నిలదొక్కుకుంది. ఆంధ్ర, తెలంగాణల్లో బోరు మోటార్ల వల్ల ప్రతి చిన్న పట్టణంలోనూ వైండింగు షాపు ఉంటుంది. కాలిన గ్రైండరు మోటారుకు రాగి తీగ తిరిగి చుట్టగల పనివాడు అక్కడ సులభంగా దొరుకుతాడు. విదేశంలో స్థిరపడిన బంధువులు పంపిన 115 వోల్టుల యంత్రం అయితే దానిని నేరుగా ఇక్కడి 230 వోల్టుల కరెంటుకు కలపరాదు, ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజీ తగ్గించినా 50 హెర్ట్జ్ మీద మోటారు నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ వేడెక్కుతుంది.

సాన పట్టే పని జరిగే ప్రతి కార్ఖానాలోనూ ప్రతి గ్రైండరు పక్కన ఆ చక్రపు గరిష్ఠ సురక్షిత వేగాన్నీ, ఇరుసు వేగాన్నీ రాసిన ప్రకటన శాశ్వతంగా ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షను ఆదేశించింది. ఇంటి షెడ్డులో ఒక పాత యంత్రాన్ని బాగుచేసుకునేవారికి అటువంటి ఆదేశం వర్తించదు. అయినా ఆ రెండు అంకెలనూ కవచం పక్కన రంగుతో రాసి ఉంచుకోవాలని, చక్రం మార్చిన ప్రతిసారీ వాటిని సరిచూసుకోవాలని అటువంటివారికి విజ్ఞప్తి.